వంకాయ లైటు

చీరల కొట్లో ఎవరైనా వంకాయ రంగు చీర విప్పి నా ముందు పరిస్తే, అది ఎంత మంచి నేతైనా సరే, పక్కకు తోసేస్తాను. "ఈ రంగు మీకు బాగా నప్పుతుందమ్మా" అని కొట్టువాడు అన్నాడంటే ఇంకా ఒళ్ళు మండుతుంది. నప్పుతుందో లేదో నాకు తెలుసు. తొంభైల చివర్లో ఆ రంగును నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగినదాన్ని. నా నెత్తిన కాదు, మా అంబులెన్సు నెత్తిన.

అప్పట్లో నేను గాజువాకలో ఒక చిన్న నర్సింగ్‌హోములో నర్సుని. ఇల్లు ఉక్కునగరంలో, మా ఆయనది ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. నర్సింగ్‌హోముకి ఒక పాత వ్యాను ఉండేది. దాని డ్రైవరు సముద్రం మీద బతికే కుటుంబంలో పుట్టినవాడు. పడవెక్కితే చాలు కడుపులో తిప్పేస్తుందని స్టీరింగ్ పట్టుకున్నాడు. నేను అతన్ని అన్నా అని పిలిచేదాన్ని, అతను నన్ను సిస్టరమ్మా అనేవాడు. మా చేతుల్లో లేని కేసు ఏదైనా వస్తే రోగిని ఆ వ్యానులో పడుకోబెట్టి, పక్కన నేను కూర్చుని, ఊళ్ళో పెద్దాసుపత్రికి చేర్చేవాళ్ళం.

మొదట్లో ఆ వ్యాను మీద ఎర్ర లైటు ఉండేది. అది వెలిగి ఆరుతుంటే లారీలు తప్పుకునేవి, ఆటోలు తప్పుకునేవి, రోడ్డుకి అడ్డంగా పడుకున్న ఆవులు కూడా లేచి ఆలోచించేవి. కొత్తగా డ్యూటీలో చేరిన కానిస్టేబుళ్ళయితే దూరం నుంచి ఎరుపు చూసి, ఎవరో పెద్దాయన వస్తున్నాడనుకుని టక్కున సెల్యూట్ కొట్టేవారు. తీరా దగ్గరికొచ్చాక నోరు తెరుచుకుని పడుకున్న ముసలాయన కనిపిస్తే, లేపిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

"సూసారా సిస్టరమ్మా, మన పేషెంట్లకి గవర్నమెంటు సెల్యూట్లు" అని డ్రైవరు పగలబడి నవ్వేవాడు.

ఆ సంబరం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కంట పడేదాకానే. ఫిట్‌నెస్ కోసం బండి తీసుకెళ్ళిన రోజు నేనూ అందులోనే ఉన్నాను, అటునుంచి అటే మందులు తేవాలని. ఆయన బ్రేకులు చూశాడు, టైర్లు చూశాడు, పైకి చూసి ఆగిపోయాడు.

"ఎర్ర లైటు ఎవరు పెట్టమన్నారు? అది మంత్రులకి, పెద్ద పెద్ద ఆఫీసర్లకి. అంబులెన్సుకి బల్బు ఎర్రదే అయినా మీద ఊదా రంగు గాజు ఉండాలి. రూలు."

"ఊదా అంటే ఏటి సార్?" అన్నాడు డ్రైవరు.

"వంకాయ రంగయ్యా."

"మరి వంకాయ రంగు లైటు సూసి ఇది అంబులెన్సని జనానికి తెలుస్తాదా సార్?"

"జనానికి తెలియడం, తెలియకపోవడం నా పని కాదు."

ఆయన మీద నాకు పెద్ద కోపం లేదు. నిజంగానే అది ఆయన పని కాదు. నా కోపమంతా ఆ రూలు రాసినవాళ్ళ మీద. ఎక్కడో ఫ్యాను కింద కూర్చుని రంగులు పంచుకున్నారు. మైలు దూరం నుంచి కనిపించే ఎరుపు తాము ఉంచుకున్నారు. ఆఫీసుకి ఆలస్యమయ్యేవాళ్ళకి ఎరుపు, ఊపిరి ఆగిపోయేవాళ్ళకి వంకాయ! ఇది రాస్తున్నప్పుడు ఒక్కడైనా, ఒక్కడంటే ఒక్కడైనా, తన తల్లి ఆ బండిలో పడుకుని ఉంటే ఎలా అని అనుకోలేదా?

ఆ గాజు కోసం మేము పడ్డ తిప్పలు ఇన్నీ అన్నీ కావు. గాజువాకలో లేదన్నారు. మద్దిలపాలెం స్పేర్ పార్టుల కొట్లలో అడిగితే ఎగాదిగా చూశారు. చివరికి పూర్ణా మార్కెట్ దగ్గర, పెళ్ళి పందిళ్ళకి లైట్లు అద్దెకిచ్చే కొట్లో దొరికింది. స్టేజీ మీద రంగులు వెయ్యడానికి వాడే గాజట. దాన్నే కోయించి డ్రైవరు మా బండికి బిగించాడు. ఎర్ర బల్బు మీద ఊదా గాజు పడేసరికి, ఎండలో అది వెలుగుతోందో లేదో కింద నిలబడి చూసినా తెలిసేది కాదు. బోర్లించిన మాడిన గిన్నెలా ఉండేది.

సైరన్ ఉంది కదా అంటారేమో. పోర్టు రోడ్డు మీద లారీల హారన్ల మధ్య మా సైరన్ పిల్లికూత. వారం తిరక్కుండానే మా బండికి వంకాయ లైటు బండి అని పేరు పడిపోయింది. ఒకసారి ఒక ఆటోవాడు మా డ్రైవర్ని "ఆర్కెస్ట్రా ఏ ఊర్లో బావా?" అని అడిగాడు. వెనకాల నేను గుండెపోటు మనిషికి సెలైన్ బాటిల్ పట్టుకుని నిలబడి ఉన్నాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇక అత్త సంగతి. మా సెక్టారులో చేపలమ్మే మనిషి. గంగవరం నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చేది. ఎందుకో మొదటి రోజే నన్ను కోడలా అంది, నేను అత్తా అన్నాను, ఆ వరస అలా ఉండిపోయింది. ఆవిడ నోటికి క్వార్టర్స్ అంతా హడలే. బేరమాడితే "నీ మొగుడు ఇనుము సేస్తాడు, నువ్వు ఇనప్పెట్టె మూత్తావు" అనేది. కానీ ఆవిడకి ఉబ్బసం. మేడ మెట్లు ఎక్కి వచ్చాక మా గుమ్మంలో కూలబడి, మాట రాక, వేలు చూపించి మంచినీళ్ళు అడిగేది.

ఒకరోజు పొద్దున్న డ్యూటీలో ఉండగా ఆవిడ కూతురు ఆవిడని ఆటోలో మా నర్సింగ్‌హోముకి తెచ్చింది. పెదాలు నల్లబడిపోయాయి. ఇంజెక్షన్లు చేశాం, ఏదీ పట్టలేదు. ఊపిరి మిషను మీద పెట్టాలి, పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు డాక్టరు. వ్యానులో ఉన్నది చిన్న ఆక్సిజన్ సిలిండరు. పెద్దాసుపత్రి దాకా సరిపోతుంది, మధ్యలో ఎక్కడా ఆగకపోతే.

మల్కాపురం దాటేదాకా బాగానే వచ్చాం. కాన్వెంట్ జంక్షన్ దగ్గర బండి ఆగిపోయింది. ముందు లారీలు, పక్కన లారీలు. కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టి అందరినీ ఆపేశాడు.

డ్రైవరు తల బయట పెట్టి బతిమాలాడు. "బావా, పేషెంటున్నాది బావా. సీరియస్."

"ఎర్రలైటు వత్తంది. ఎవర్నీ వదలద్దని వైర్‌లెస్ సెట్‌లో సెప్పారు. నానేటి సేత్తాను?"

"మాదీ ఎమర్జెన్సీయే. పైన లైటు సూడు."

అతను పైకి చూశాడు. "అదేటి, పెళ్ళి బండా?"

అత్త నా మణికట్టు పట్టుకుని ఉంది. చేపలు కోసి కోసి కాయలు కాసిన చెయ్యి, ఉక్కు పట్టు. ఆ పట్టు కొద్దికొద్దిగా వదులవుతోంది. సిలిండరు మీటరులో ముల్లు కిందికి జారుతోంది. నేను దాన్ని చూడడం మానేసి అత్త మొహం చూశాను. ఆవిడ కళ్ళతో నన్ను ఏదో అడుగుతోంది. ఏమడుగుతోందో తెలుసు. "ఎందుకాగామే?" అని.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆక్సిజన్ మాస్కు పక్కనున్న అత్త కూతురి చేతిలో పెట్టి, వెనక తలుపు తన్ని తీసి దిగాను. లారీల మధ్య నుంచి పరిగెత్తుకెళ్ళి, మలుపు తిరుగుతున్న ఎర్ర లైటు కారుకి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాను. కారు కీచుమంటూ ఆగింది. కానిస్టేబులు విజిలు ఊదుతూ నా మీదికి వచ్చాడు. వెనక అద్దం దిగింది. లోపల తెల్ల చొక్కా వేసుకున్న ఆఫీసరు, ఒళ్ళో పేపరు.

"ఏమైందమ్మా?"

"మనిషి పోతోంది సార్. ఆక్సిజన్ అయిపోతోంది. మీ కారు వెళ్ళాలని మమ్మల్ని ఆపేశారు."

ఆయన మా బండి వైపు చూశాడు. ఉన్నమాట చెప్పాలి, ఆయన మొహంలో కంగారు కనిపించింది. రాక్షసుడేం కాదు. కానీ అప్పుడాయన అన్న మాట ఇప్పటికీ నా చెవిలో సీసంలా ఉంది.

"అరెరే, అది అంబులెన్సా? మీ బండికి సరైన లైటు పెట్టుకోలేదేం?"

సరైన లైటు! ఉన్న సరైన లైటు ఊడబెరికించి, పందిరి గాజు పెట్టించి, ఇప్పుడు సరైన లైటు లేదేమని అడుగుతున్నాడు.

"సరైన లైటు మీ నెత్తినుంది సార్" అన్నాను. "పెద్దాసుపత్రి దాకా మీరు ముందు నడవండి. మేము మీ వెనకే వస్తాం."

ఆఫీసరు తన డ్రైవరు భుజం తట్టాడు. కారు పెద్దాసుపత్రి వైపు తిరిగింది, నేను పరుగున వచ్చి వ్యానెక్కాను.

ఆ తర్వాత రోడ్డు విచ్చుకుంది చూడండి! అంతసేపూ ఇంచు కదలని లారీలు గోడలకి అతుక్కుపోయాయి. జంక్షన్ జంక్షన్‌లోనూ సెల్యూట్లు. వెనక వస్తున్న మా బండి వైపు ఒక్కడూ తల తిప్పలేదు. ఆసుపత్రి గేటులోకి తిరిగేటప్పటికి మీటరులో ముల్లు పడుకుండిపోయింది. స్ట్రెచరు పరుగున లోపలికి పోయింది. ఇంకాస్త ఆలస్యమైతే తీసుకురావడం అనవసరమయ్యేదని అక్కడి డాక్టరమ్మ అంది. అత్త బతికింది.

మా డాక్టరు మాత్రం నన్ను పిలిచి చీవాట్లు పెట్టాడు. ఆఫీసరు కారుకి అడ్డం పడతావా, ఆయనకి కోపం వస్తే మన నర్సింగ్‌హోము గతేం కావాలి అని. "పేషెంటు గతి అడగరేం సార్?" అన్నాను. వంకాయ గాజు అలాగే ఉంది. రూలు అలాగే ఉంది.

కొన్నాళ్ళకి అత్త మళ్ళీ మా సెక్టారుకి వచ్చింది. చిక్కిపోయింది కానీ నోరు చిక్కలేదు. ప్రతి గుమ్మం ముందూ ఆగి అదే కథ. "ఓలమ్మో, ఎర్రలైటు కారు నా ముందర ఎల్లినాదే! మా కోడలు ఎల్లించినాది!" మా గుమ్మంలోకి వచ్చి తట్ట దించి, మీద కప్పిన తడిగుడ్డ తీసింది. లోపల నిగనిగలాడుతూ పెద్ద కోనెం చేప. అంత మంచి కోనెం ఆవిడ తట్టలో నేను అంతకు ముందు చూడలేదు.

"నాకా అత్తా?"

"నీకు కాదే. ఆ బాబుకి. ఎక్కడుంటాడో సెప్పు, ఇచ్చెత్తాను."

నాకు ఒళ్ళు తెలియలేదు. "నీకేటైనా పిచ్చా అత్తా? నిన్ను రోడ్డు మీద ఆపేసిందే ఆయన కోసం. ఆయన కారు ఎల్లడానికి నీ పానం పోబోయింది!"

"సీ, అలగనకే. అంతోటి బాబు మనకి రోడ్డిచ్చినాడు."

"ఇవ్వడానికి రోడ్డు ఆయనదేటి?"

అత్త నా వైపు చిత్రంగా చూసింది. ఏమీ తెలియని పిల్లని చూసినట్టు.

"మరెవల్దే?" అంది.

నాకు కోపంతో కళ్ళంట నీళ్ళొచ్చాయి. నాతోపాటు ఆవిడ కూడా తిడుతుందనుకున్నాను. అంత నోరున్న మనిషి, పావలా దగ్గర ప్రాణం తీసే మనిషి, తన ఊపిరి దగ్గరకొచ్చేసరికి బేరమే ఆడలేదు. ఆ ఆఫీసరు ఇల్లు నాకు తెలీదన్నాను. "పోన్లే, నానే కనుక్కుంటాను" అని నా గిన్నెలో ఇన్ని చిన్నచిన్న నెత్తళ్ళు పోసి, కోనెం మీద తడిగుడ్డ జాగ్రత్తగా సర్ది, తట్ట నెత్తికెత్తుకుంది.

నేను వరండాలో నిలబడి చూస్తూ ఉన్నాను. రోడ్డు మలుపు దగ్గర ఊపిరి అందక ఆగింది. ఒక చేత్తో తట్ట, ఇంకో చేత్తో గుండెలు పట్టుకుని నిలబడింది. వెనక ఏదో కారు హారన్ కొట్టింది. లైటూ గీటూ ఏమీ లేని మామూలు కారు. అత్త తిరిగి కూడా చూడకుండా, గబగబా పక్కకి తప్పుకుంది.