పేరులో మిగిలిన బంగారం

మొన్న ఆదోనిలో బస్సు దిగగానే మిల్లుల వైపు నుంచి వేడెక్కిన పత్తిగింజల వాసన వచ్చింది. చిన్నప్పటి మా రూతమ్మ టీచరు చీరకు ఎప్పుడూ ఆ వాసనే ఉండేది. మిల్లు కూలీల బిడ్డ ఆమె. ఆమెకు జరిగిన అవమానం తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆమె కొల్హాపూరు దగ్గర పోలెండు కాందిశీకుల శిబిరంలో ఆయాగా పనిచేసింది. జ్వరంతో ఉన్న బిడ్డను సాకినందుకు ఒక తల్లి వెళ్లిపోతూ తమ దేశపు నాణెం చేతిలో పెట్టిందట. కొత్త పైసలు వచ్చిన ఏడాది, నాణేల పాఠం చెబుతూ టీచరు దాన్ని మాకు చూపించింది.

"దీని పేరు జ్వోతీ."

"జ్యోతా, టీచర్?"

"కాదు పాపా, జ్వోతీ. బంగారుది అని అర్థం. మునుపు ఆ దేశంలో బంగారు నాణేలనే అట్ల పిలిసేవాళ్లంట. బంగారం పోయింది, పేరు నిలిసింది."

బడి కమిటీకి పెద్దగా ఉన్న మిల్లు యజమాని కూతురు మా తరగతే. ఇంట్లో ఏం చెప్పిందో, మర్నాడు ఆయన నేరుగా తరగతిలోకి వచ్చాడు.

"మా ఇంట్లో బంగారు కాసు పోయింది. నీకాడ బంగారు బిళ్ల ఉండాదంట. కూలోళ్ల బిడ్డకు యాడిదమ్మే?"

అంటూనే ఆమె సంచి నేల మీద కుమ్మరించాడు. సద్దిగిన్నె, బైబిలు, దువ్వెన, వాటి మధ్య తెల్లటి నాణెం. తీసి వేలితో రుద్ది చూశాడు.

"బంగారమని పిల్లోళ్లకు అబద్ధాలు సెప్తాండావా?"

"రూపాయి అనే పేరు వెండి నుంచి వచ్చింది. మీ జేబులో రూపాయిలో వెండి ఉండాదా అయ్యా?" అందామె. "మీరు పడేసినవి మీరే ఎత్తండి."

ఆయన నాణెం విసిరేసి వెళ్లిపోయాడు. మేము ఎత్తబోతే ఆపింది. "కూసోండి. మీరు పడేయలేదు." ఆ సామానంతా అలా నేల మీదే ఉండగా సాయంత్రం దాకా పాఠం చెప్పింది. చివరికి హెడ్మాస్టరే తల వంచుకుని వచ్చి ఏరాడు. కారణం కూడా చెప్పకుండా ఆ నెలలోనే ఆమెను తీసేశారు.

పోయిన కాసు ఆ ఇంట్లోనే, బియ్యపు డబ్బాలో దొరికింది. ఊరంతా చెప్పుకున్నారు. ఆమెకు చెప్పడానికి మాత్రం ఒక్కరూ వెళ్లలేదు.

తర్వాత ఆమె ఎమ్మిగనూరులో నేతగాళ్ల పిల్లలకు చదువు చెబుతూ ఉండేది. మా నాయనతో అక్కడికి వెళ్లినప్పుడు పరుగున పోయి చెప్పాను.

"టీచర్, ఆ కాసు దొరికింది."

ఆమె ముఖంలో సంతోషమేమీ కనిపించలేదు. "దొరక్కపోయింటే నేను దొంగనయ్యుంటానా పాపా?" అంది.

నేనూ టీచరునయ్యాను. బడిలో వస్తువులు పోతూనే ఉంటాయి. ఒక్క బిడ్డ సంచీ కూడా సోదా చేయనివ్వలేదు. పెద్దమనుషులు మీద పడి అరిచినా గడపలో అడ్డంగా నిలబడ్డాను. ఆ కోపం రూతమ్మ టీచరు దగ్గర నేర్చుకున్నదే.