ఖాళీ గడి కంటబడితే

ఖాళీ గడి కంటబడితే జాకబన్న చెయ్యి ఆగదు. ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదురుగా ఉన్న ఆయన జిరాక్స్ దుకాణంలో ఏ దరఖాస్తు నింపించుకున్నా సరే, ఒక్క గడీ వదలడు. 'వర్తించదు' అని రాయడం ఆయన దృష్టిలో ఉత్త సోమరితనం.

శివయ్య తాత పింఛను ఫారంలో పుట్టుమచ్చలు రెండు రాయాలి. తాతకున్నది ఒక్కటే. రెండో గడిలో జాకబన్న 'నవ్వితే ఎడమ బుగ్గ సొట్టపడును' అని రాశాడు. ఇంకేముంది, ఆఫీసులో తాతను నవ్వి చూపించమన్నారు.

"దవడలు గుంజుతున్నయ్ రా!" అని తాత తిట్టుకుంటూ వచ్చాడు.

"పనైందా, లేదా?"

"అయింది."

"మరి ఇంకోసారి నవ్వు!"

పక్క సందులో 'రూము ఖాళీ' అని బోర్డు పెడితే, దాని కింద 'ప్రస్తుతం పావురాలున్నవి' అని రాసి వచ్చాడు. ఇంటి ఓనరు వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

అలాంటి మనిషి దగ్గరికి నా ఉద్యోగం ఫారం పట్టుకుపోయాను. నాలుగేళ్ల కింద మా బాపుకు పక్షవాతం వచ్చింది. అన్న జీతం ఎక్కువ కాబట్టి, ఆదిభట్లలో ఉద్యోగం మానేయాల్సింది నేనేనని ఎవరూ అనకుండానే తేలిపోయింది. ఇప్పుడు బాపు లేచి తిరుగుతున్నాడు. నన్ను మాత్రం "ఈ నాలుగేళ్లు ఏం చేశారు?" అని మూడు చోట్ల వెనక్కి పంపారు. మహేశ్వరం దగ్గర కొత్తగా తెరిచిన ఫిజియోథెరపీ సెంటరు నాలుగోది. ఇదీ పోతే ఇక ఎవరినీ అడగొద్దనుకున్నాను.

"అనుభవం గడి ఉన్నది. నాలుగేండ్లు ఏం జేసినవ్ నర్మదా?"

"ఖాళీగున్న అన్నా."

జాకబన్న పెన్ను బల్ల మీద పడేశాడు. "మీ బాపును మంచం మీంచి లేపిందెవరు?"

"నేనే."

"దవాఖానకు తోల్కపోయిందెవరు? గోలీలేసిందెవరు?"

"నేనే. ఇంకెవరున్నరు?"

"మరి ఖాళీ ఎప్పుడున్నవ్?"

ఏదో గబగబా రాశాడు. బస్సు కదులుతోందని చూడకుండానే సంతకం పెట్టి పరుగెత్తాను.

సెంటరు నడిపే లలితకుమారి మేడం ఫారం పైకే చదివారు. "'నాలుగేళ్లు రాత్రింబగళ్లు డ్యూటీ. రోగిని లేపుట, నడిపించుట, తిట్లు పడుట. సెలవులు లేవు. జీతం లేదు.' ఇదేం ఆసుపత్రమ్మా?"

"మా ఇల్లు మేడం. రోగి మా బాపు."

'విచారణకు ఫోన్ నంబరు' గడిలో బాపు నంబరే ఉంది. ఆవిడ అక్కడికక్కడే కలిపి స్పీకరు పెట్టారు. "మీ అమ్మాయి మిమ్మల్ని బాగా చూసుకుందాండీ?"

"ఏం జూసుడు!" బాపు గొంతు గదంతా మోగింది. "షుగరని చాయ్‌ల చక్కెరెయ్యది. పండుకుంటనంటే నడువుమంటది. నాలుగేండ్ల సంది గిదే లొల్లి. పోలీసోళ్లే నయం!"

ఈ ఉద్యోగమూ పోయిందనుకున్నాను. ఆవిడ ఫోను పెట్టేసి పగలబడి నవ్వారు. "పేషెంట్ల చేత ఇలా తిట్లు తినే మనిషి కోసమే చూస్తున్నానమ్మా. సోమవారం నుంచి వచ్చెయ్." పొద్దటి షిఫ్టు. ఆ పూట బాపును, బాపు తిట్లను అన్నకు అప్పజెప్పాను.

మిఠాయి పట్టుకుని దుకాణానికి పోయి అడిగాను, "ఖాళీ అంటే నీకెందుకన్నా గంత కోపం?"

జాకబన్న సొరుగు అడుగు నుంచి పసుపుబారిన ఫారం ఒకటి తీశాడు. ఆయనదే. అన్నీ నింపి ఉన్నాయి, అనుభవం గడి తప్ప.

"మా అమ్మ మంచాన పడ్డది. ఏడేండ్లు నేనే జూసుకున్న. తర్వాత నౌకరికి పోతే, 'ఏడేండ్లు ఖాళీగ కూసున్నవా' అన్నరు. ఈ ఫారం పట్టుకొని వాపసొచ్చిన."

ఊరందరినీ నవ్వించే మనిషి సొరుగులో ఇది పెట్టుకున్నాడా అనుకున్నాను. ఆయన జేబులోంచి పెన్ను లాక్కుని, 'ఏడేళ్లు అమ్మను చూసుకున్నాడు' అని ఆ గడిలో రాశాను.

జాకబన్న కళ్లద్దాలు సవరించుకుని ఆ గడిని చూశాడు.

"గడిల ఇంక జర జాగా ఉన్నది నర్మదా," అన్నాడు. "సెలవులు లేవని గూడ రాయి."