లేపే మీట ఏ చేతికి

చాలా ఏళ్లుగా ఒక అబద్ధాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. చూడబోతే ఒక్క మాట. కానీ అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా అది గుర్తొస్తుంది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఇందులో పేర్లు మార్చాను, ఊరు మార్చలేదు. మాది బాన్సువాడ దగ్గర, కాలువ కింద వరి పండే పల్లె.

నాకు రాయడం యాభై దాటాక వచ్చింది. వాక్యం ఎక్కడైనా వంకర పోతే సర్దుకోండి. విషయం మాత్రం వంకర పోనివ్వను.

ఆ ఏడు మా మహిళా సంఘానికి పొలాల్లో మందు కొట్టే డ్రోన్ వస్తుందన్నారు. అది వచ్చేలోపు నడిపే మనిషిని మేమే ఎంచి శిక్షణకు పంపాలి. పంపేది ఒక్కరినే. మేమంతా వీపున పంపు మోసి మందు కొట్టినవాళ్లం. రాత్రి ఎన్నిసార్లు కడుక్కున్నా చేతుల నుంచి ఆ వాసన పోయేది కాదు. అలాంటిది గట్టు మీద నిలబడి, మెడలో రిమోట్ తగిలించుకుని పని చేయవచ్చంటే ఎవరికి ఆశ ఉండదు? అయినా భయపడి అందరూ వెనక్కి తగ్గారు. చివరికి పేరు ఇచ్చింది ఇద్దరే. ఒకరు మా కోడలు లావణ్య. ఇంకొకరు ఎస్తేరమ్మ కూతురు సునీత.

ఎస్తేరమ్మ మా పొలంలో నాట్లు వేసేది. సునీత డిగ్రీ చదివింది, ఊళ్లో వయోజన బడిలో చదువు చెప్పేది. సునీత అన్న నిజామాబాద్‌లో చదువుకునేటప్పుడు థర్మాకోల్‌తో విమానాలు చేసి, సెలవులకు వచ్చి, కోతలైన పొలాల్లో ఎగరేసేవాడు. అతని వెంట తిరిగి తిరిగి ఈమె కూడా నేర్చుకుంది. నేను కళ్లారా చూశాను. ఈమె రిమోట్ పట్టుకుంటే విమానం కొంగ వాలినట్టు మడిలోకి దిగేది. మా కోడలు అప్పటికి టీవీ రిమోట్ తప్ప ఇంకొకటి ఎరగదు.

సంఘంలో ఒక మాట అనుకున్నాం. నేర్చుకోవడానికి ఒక చిన్న డ్రోన్, దానికి మంచి రిమోట్ కొందాం. ఇద్దరూ కొన్నాళ్లు చేయి తిప్పుకుంటారు. తర్వాత అందరి ముందూ ఎగరేయాలి. ఎవరు బాగా నడిపితే వాళ్లే శిక్షణకు. కొనుక్కొచ్చే పని, అధ్యక్షురాలినని, నా మీద పెట్టారు.

రిమోట్ సంగతి మీకు తెలియకపోతే ఇంత తెలిస్తే చాలు. దాని మీద రెండు మీటలుంటాయి, ఒక్కో బొటనవేలికి ఒకటి. ఒక మీట పైకి తోస్తే డ్రోన్ లేస్తుంది. ఇంకొకటి పైకి తోస్తే ముందుకు పోతుంది. లేపే మీట కొన్నింటికి ఎడమ చేతికి ఉంటుంది, కొన్నింటికి కుడి చేతికి. ఎక్కువమంది ఎడమదే వాడతారట. సునీత మాత్రం వాళ్ల అన్న రిమోట్ మీద కుడి చేత్తో నేర్చుకుంది.

ఆ మాట ఆమె దాచలేదు. అందరి ముందే చెప్పింది.

"పెద్దమ్మా, ఒక్కటి యాదికుంచుకో. లేపే స్టిక్ కుడిదిక్కు ఉన్నది తీస్కరా. నా చేతులు గట్లనే అలవాటైనయ్. లావణ్యక్క ఇప్పుడే మొదలువెడుతది, ఆమెకు ఏదైనా ఒక్కటే."

"నాకేమెర్క చెల్లె, రెండుదిక్కులా ఉన్నా రెండు చేతులతోని పట్టుకుంట," అని లావణ్య నవ్వింది. అందరూ నవ్వారు.

సునీత నాతోపాటు హైదరాబాద్ వస్తానంది. వద్దన్నాను. "ఒక్క డబ్బ తెచ్చెతందుకు ఇద్దరమెందుకు?" అన్నాను. అప్పటికే నా మనసులో ఉందా? ఇన్నేళ్లూ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. లేదనే చెప్పుకునేదాన్ని. ఇప్పుడు గట్టిగా చెప్పలేను.

హైదరాబాద్‌లో డ్రోన్లు అమ్మే దుకాణంలో ఆయన మూడు రిమోట్లు బల్ల మీద పెట్టాడు. ఒకటి ఆటబొమ్మలా తేలిక. ఒకదానికి తెర ఉంది, ముట్టుకోవడానికే భయమేసింది. మూడోది చేతికి నిండుగా ఉంది. పొడుగాటి యాంటెనా, మెడకు తగిలించుకునే పట్టీ. డ్రోన్ కంటే రిమోటే చూసి కొనాలని ఆయన చెప్పాడు. డ్రోన్ విరిగితే ఇంకొకటి వస్తుంది, చేతికి పడిన అలవాటు మాత్రం అంత తొందరగా పోదన్నాడు. నేను మూడోది పట్టుకున్నాను. అప్పుడు అడిగాడు.

"అమ్మా, లేపే స్టిక్ ఎడమ చేతికా, కుడి చేతికా? ఇప్పుడైతే ఎడమకున్నది. కుడికి కావాలంటే చెప్పు, చాయ్ తాగేలోపు మార్చిస్త."

జవాబు చెప్పేలోపే నాకు అన్నీ అర్థమయ్యాయి. కుడికి పెట్టిస్తే పోటీయే ఉండదు. సునీత మొదటి రోజే డ్రోన్‌ను గిరగిరా తిప్పుతుంది, మా కోడలు చేతులు కట్టుకుని చూస్తుంది. ఎడమకే ఉంచితే మా కోడలికి నష్టం లేదు. సునీతకు మాత్రం నేర్చుకున్నదంతా ఎదురు తిరుగుతుంది. ఏమీ రానిదానికంటే వచ్చినదానికే ఎక్కువ కష్టం.

"ఎడమకే ఉండనియ్యి," అన్నాను.

ఊరికి వచ్చాక సునీత డబ్బా విప్పి చూసింది. మీటలు కదిపింది. ముఖం చిన్నబోయింది.

"ఎడమకున్నది గదా పెద్దమ్మా. మారుస్తరా అని అడిగినవా?"

"అడిగిన. మారదట."

అదీ ఆ మాట.

"నువ్వడిగినంక ఇంకేముంది," అని సునీత పట్టీ మెడలో వేసుకుంది. వాళ్ల అన్న రిమోటైతే లోపల విప్పి మార్చాల్సి వచ్చింది, ఇది కొత్త రకం కదా, విప్పితే పాడవుతుందేమో అని తానే సర్దిచెప్పుకుంది. ఊళ్లో నాకు ముఖం మీదే మాట్లాడే మనిషినని పేరు. సర్పంచ్‌నైనా నిలబెట్టి కడిగేస్తానని చెప్పుకుంటారు. ఆ పేరే నా అబద్ధాన్ని నమ్మించింది. అబద్ధాలాడే మనిషినైతే ఆమె ఇంకొకరిని అడిగి ఉండేది.

కొన్నాళ్లు పగలంతా ఇద్దరూ వంతులేసుకుని నేర్చుకున్నారు. లావణ్య తొందరగా పట్టుకుంది, అది కాదనను. సునీత కూడా చేతులు మార్చుకుంది. నింపాదిగా ఉన్నంతసేపు బాగానే తిప్పేది. ఉలిక్కిపడితే మాత్రం పాత బొటనవేలే ముందు లేచేది.

పోటీ రోజు యాసంగి కోతలైన మడిలో పెట్టుకున్నాం. గట్టు మీద ఆడవాళ్లమంతా నిలబడ్డాం. ఎస్తేరమ్మ వడ్ల కొనుగోలు కేంద్రంలో ధాన్యం ఎత్తే పని మధ్యలో వదిలి, తల మీద దుమ్ముతోనే పరుగున వచ్చింది కూతుర్ని చూడడానికి. ముందు లావణ్య తిప్పింది. మెల్లగా, భయంభయంగా, కానీ తప్పు లేకుండా. తర్వాత సునీత. సగం దాకా ఎంతో బాగా తిప్పింది. ఓడిపోయామనుకున్నాను. చూశారా, 'ఓడిపోయామ'ని. సంఘం అధ్యక్షురాలిని నేను.

అప్పుడు గాలి దెబ్బ కొట్టింది. డ్రోన్ కిందికి జారింది. దాన్ని లేపాలని సునీత కుడి బొటనవేలు పైకి తోసింది. వాళ్ల అన్న రిమోటైతే లేచేదే. ఇక్కడ అది లేవలేదు, ముందుకు దూసుకొచ్చింది. సూటిగా మా గట్టు మీదికి. అందరం కేకలేసి కూర్చున్నాం. ఎస్తేరమ్మ ముఖానికి చేయి అడ్డం పెట్టుకుంది. రెక్కలు ఆ చేతిని చీల్చాయి.

రక్తం ఆగేలా కొంగు చుడుతుంటే వెనకనుంచి ఎవరో అన్నారు, "ఇగ చాలు తల్లీ, మా తలకాయలన్న మిగులనియ్యి." ఇంకొకామె, "పంతులమ్మా, పలక మీద రాసినంత అల్కగ ఉంటదనుకున్నవా?" అంది. కొందరు నవ్వారు. సునీత రిమోట్ కింద పెట్టి తల్లి దగ్గరికి వచ్చింది. రిమోట్ గురించి ఒక్క మాట అనలేదు. "దినాలు దొరికినయ్ గదా, నేర్చుకోవాల్సింది నేనే," అని మాత్రం అంది.

బాన్సువాడ దవాఖానకు నేనే తీసుకుపోయాను. కుట్లు వేస్తుంటే ఎస్తేరమ్మ రెండో చేయి నేను పట్టుకున్నాను. నొప్పికి నా వేళ్లు నలిపేస్తూనే, "నీ కోడలు మంచిగ తిప్పింది అక్కా," అంది. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. నోటిదాకా వచ్చింది. బయటికి పోయి ఆమెకు చాయ్, బన్ను తెచ్చాను. అంతే చేశాను.

లావణ్య శిక్షణకు వెళ్లింది. ఇప్పుడు పిట్లం దాకా ఆమెను పిలుస్తారు. మంచి పనిమంతురాలు. ఆమెకు ఈ సంగతి తెలియదు. తన పని దేని మీద నిలబడిందో నా నోట విన్నాక నా ముఖం చూస్తుందో లేదో.

ఎందుకు చేశాను? కోడలి మీద ప్రేమ అని చాలాకాలం చెప్పుకున్నాను. అది కొంత నిజం. మా పొలంలో నాటు వేసినామె కూతురు మెడలో రిమోట్ వేసుకుని గట్టు మీద నిలబడితే, కింద మడిలో నేను బకెట్‌తో నీళ్లు అందించాలి. అది మింగుడు పడలేదు. ఇది ఎక్కువ నిజం. ఇంకొకటి కూడా ఉంది. వయోజన బడిలో నాకు అక్షరాలు దిద్దించింది సునీతే. నా పిడికిలి తన పిడికిట్లో పట్టుకుని. ఒకరోజు నేను నా పేరు తప్పు రాస్తే అందరి ముందూ ఫక్కున నవ్వింది. వెంటనే నా భుజం మీద చేయి వేసి సరిచేసింది. చేయి వేసింది మరిచిపోయాను, నవ్వింది గుర్తుంచుకున్నాను. ఇంత చిన్నదానికా అంటారు. నేనూ అదే అంటాను. పెద్ద కారణం దొరికితే తప్పు చిన్నదవుతుందేమోనని ఇన్నాళ్లూ వెతికాను. దొరకలేదు.

పోయిన నెల సునీత మా ఇంటికి వచ్చింది. ఆమె ఇప్పుడు బాన్సువాడలో బట్టల దుకాణంలో పని చేస్తోంది. పక్క మండలంలో ఒక సంఘానికి డ్రోన్ వస్తోందట. చదువుకున్న అమ్మాయి కావాలని ఆమెను అడిగారట.

"ఏం జెయ్యాలె పెద్దమ్మా? వద్దని చెప్దామనుకుంటున్న. నా చేతులకు గది రాదు. నీకు తెలుసు గదా."

నాకు తెలుసు. ఆమె చేతులకు ఎంత బాగా వచ్చో నాకంటే తెలిసినవాళ్లు ఈ ఊళ్లో లేరు. అయినా నేనేమన్నానో తెలుసా? "నీ ఇష్టం బిడ్డా," అన్నాను. ఆమె లేచి వెళ్లిపోయింది. మొదటి అబద్ధం కంటే ఈ మాటే నన్ను ఎక్కువ కోసింది. అప్పుడు ఒక్క పని పోగొట్టాను. ఇప్పుడు తన చేతులే పనికిరానివని ఆమె నమ్ముతుంటే చూస్తూ కూర్చున్నాను.

నిన్న బస్సెక్కి సునీత పని చేసే బట్టల దుకాణానికి పోయాను. గద్దె మీద చీరలు మడత పెడుతోంది.

"బిడ్డా, గా రిమోట్ మారుతుండె," అన్నాను.

"ఏ రిమోట్?"

ఆమె రిమోట్‌నే మరిచిపోయింది. తన చేతుల మీద పడిన నింద మాత్రం దగ్గర పెట్టుకుంది.

"మన సంఘంది. కుడి చేతికి పెట్టిస్తనన్నడు దుకాణపాయన. నేనే వద్దన్న. మారదని నీకు అబద్ధం చెప్పిన. మా లావణ్య కోసం."

ఆమె చేతిలో చీర సగం మడతలో ఆగిపోయింది. ఎవరో వచ్చి ఇంకో రంగు చూపమన్నారు. ముక్కాలి పీట ఎక్కి తీసి, పరిచి చూపింది, ధర చెప్పింది. వాళ్లు కొనకుండా పోయారు. ఆ చీర మళ్లీ మడిచి పైన పెట్టి, నా వైపు తిరగకుండానే అంది.

"అమ్మ చేయి దిక్కు సూడనీకి నాకు ఎన్ని దినాలు పట్టిందో ఎర్కనా?"

ఇంకో చీర మడత పెట్టడం మొదలుపెట్టింది.

"అమ్మకు నువ్వే చెప్పు. నేను చెప్ప."

పెద్దమ్మా అనలేదు. నేను క్షమించమని అడగలేదు. అడిగే ముఖం లేదు. శిక్షణకు వెళ్తుందో లేదో తెలియదు, అది అడగడానికీ నోరు రాలేదు.

రేపు పొద్దున ఎస్తేరమ్మ ఇంటికి పోవాలి. తర్వాత లావణ్యను కూర్చోబెట్టాలి, ఆ తర్వాత సంఘాన్ని. ఎవరు ఏమంటారో ఆలోచించి ఇన్నేళ్లు నోరు మూసుకున్నాను, ఇక ఆలోచించను. నాకు ముఖం మీదే మాట్లాడే మనిషినన్న పేరు ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. మాట ఇది: మారుతుందని దుకాణంలో ఆయన చెప్పాడు. మారదని నేను చెప్పాను. రాశాను. చెరపను.