వంతు కర్ర

సిద్దిపేట నుంచి మిరుదొడ్డి పోయే బండ్లబాట పక్కన, గుట్ట కింద పదకొండు ఇండ్లుండేవి. వాటికొక పేరు కూడా ఎవరూ పెట్టలేదు. పెద్ద ఊరివాళ్ళు కిందివాడ అనేవాళ్ళు. సాయవ్వ ఆ వాడ కోడలు. మొగుడు పోయి ఇరవై ఏళ్ళయింది, కన్న పిల్లలు నిలవలేదు. నోరు మాత్రం వాడంతటికీ సరిపడా ఉండేది. ఆమె నోట్లో పడకుండా ఉండాలని మగవాళ్ళు చుట్టూ తిరిగి నడిచేవాళ్ళు. ఇంట్లో ఎవరికైనా జ్వరమొచ్చినా, పురిటినొప్పులొచ్చినా మళ్ళీ ఆమె గుమ్మం ముందే నిలబడేవాళ్ళు.

నిజాం రాజ్యం నడుస్తున్న కాలం. ఏ అధికారి ఆ బాటన వచ్చినా అతని సామాను నెత్తిన పెట్టుకుని తర్వాతి మజిలీ దాకా మోయడం కిందివాడ పని. కూలి ఉండదు, కాదనే దిక్కు ఉండదు. పూర్వం పటేలు జవాను వచ్చి కంటబడ్డ మనిషినల్లా జుట్టు పట్టి లాక్కుపోయేవాడట. జబ్బుమనిషా, ముసలిమనిషా అని చూసేవాడు కాదు. అప్పుడు సాయవ్వ మామ, మరి నలుగురు పెద్దలు కూర్చుని ఒక ఉపాయం చేశారు. వేపకర్ర ఒకటి చెక్కి, ఎవరి వంతు వస్తే వాళ్ళ గుమ్మం పక్కన నిలబెట్టారు. మోత మోసి వచ్చినవాళ్ళే కర్రను పక్కింటికి చేర్చాలి. మనిషి దొరికితే నాకు చాలు, మీ ఏడుపు మీరు ఏడవండని అప్పటి పటేలు ఊరుకున్నాడు. అప్పటి నుంచి జవాను వచ్చి, కర్ర ఉన్న ఇంటి ముందే నిలబడేవాడు.

ఆ కర్రకొక కట్టడి ఉండేది. ఒకరి వంతు ఇంకొకరు మోయకూడదు. గింజలున్నవాళ్ళు సోలెడు జొన్నలు పోసి లేనివాళ్ళ నెత్తిన మోత పెడుతుంటే కొట్లాటలైనాయి, అందుకని పెట్టారు. చావు జరిగిన ఇంటికి పదకొండు రోజులు మాఫీ. పురుడు జరిగిన ఇంటి మాట ఎవరికీ తట్టలేదు. కట్టడి పెట్టినవాళ్ళంతా మగవాళ్ళే కదా, ఎట్లా తడుతుంది?

పందొమ్మిది వందల నలభై నాలుగు ఎండాకాలంలో కర్ర బాలమణి ఇంటి ముందుకొచ్చింది. బాలమణి సాయవ్వ పక్కింటి పిల్ల. తొలిచూలు, పురుడై నాలుగో రోజు. పురుడు పోసింది సాయవ్వే. మొగుడు రాజం చలిజ్వరంతో గొంగడి కింద వణుకుతున్నాడు. ఆ ఇంట్లో మూడో మనిషి లేదు. పోలీసు అమీను పటేలు ఇంట్లో దిగాడనీ, పొద్దు వాలగానే మిరుదొడ్డి పోతాడనీ పొద్దున్నే కబురొచ్చింది. సాయవ్వ కొంగు దోపుకుని వాడ పెద్ద దుబ్బయ్య దగ్గరికి పోయింది.

"దుబ్బయ్య బావా, పిల్ల పచ్చి బాలెంత. రాజం లేస్తలేడు. ఇయ్యాల మోత నేను మోస్త."

దుబ్బయ్య చెడ్డవాడు కాదు. అరుగు మీద ఆమెకు చోటిచ్చి అన్నాడు. "నీ మనసు నాకెర్కే సాయవ్వా. కానీ ఇయ్యాల నువ్వు పిల్ల మీది ప్రేమకు, పావురానికి పోతవు, రేపు ఇంకొకడు సోలెడు జొన్నలకు పోతడు. మల్ల మొదటికొస్తది. మీ మామ పెట్టిన కట్టడేనాయె."

"మా మామ ఉంటే గా కట్టెతోని ముందుగాల నిన్నే కొట్టేటోడు" అని ఆమె వచ్చేసింది.

ఇంటికొచ్చి కూర్చుని లెక్క వేసుకుంది. కర్రే లేకపోతే వంతు ఎవరిది? ఎవరిదీ కాదు. అప్పుడు దుబ్బయ్య అందరినీ పిలిచి అడగక తప్పదు. వాళ్ళలో సగం మందిని తన చేతులతోనే భూమ్మీదికి దించింది, మిగతా సగానికి రోగాల్లో గంజి తాగించింది. ఒక్కడైనా నేను పోతాననడా? తన వాడ మీద ఆమెకు అంత నమ్మకం! లేచి కర్రను పెరికి, మూడు ముక్కలు చేసి, గటక కుండ కింద పెట్టి కాల్చేసింది.

జవాను వచ్చాడు. "కట్టె ఏది?" అన్నాడు. మగవాళ్ళు ఇండ్లలోంచి బయటికొచ్చారు.

"నేనే కాల్చిన" అంది సాయవ్వ. "బాలెంతను పంపుతరార్రా? మీల ఒక్కలు రాండ్రి. ఒక్కలు!"

ఒకడు మొన్ననే మోశానన్నాడు. ఒకడికి మోట దగ్గర పని గుర్తొచ్చింది. ఇంకొకడు ఇంటి వెనక్కి నడిచాడు. దుబ్బయ్య పోతానన్నాడు గానీ ఆయన కుడికాలు ఎప్పుడో విరిగింది. జవాను మీసం కింద నవ్వుకున్నాడు. సరిగ్గా అప్పుడే, గోల విని, బిడ్డను ఎత్తుకుని బాలమణి గుమ్మంలోకి వచ్చింది.

"ఏయ్, నువ్వే. నడువు."

సాయవ్వ వాడి కాళ్ళ మీద పడింది. "నన్ను తీస్కపో దొరా, నీ బాంచెన్."

"ముసల్దానా, పెట్టె కింద పడేస్తే అమీన్‌సాబ్ నా తోలు తీస్తడు. లెవ్వు."

బాలమణి నెత్తిన ఇనుప పెట్టె ఎక్కింది. గొంగడితో సహా పాకుతూ వచ్చిన రాజం గుమ్మం దాటలేక అక్కడే కూలబడ్డాడు. సాయవ్వ బిడ్డను ఎత్తుకుని వెంట నడిచింది. దారిలో మూడుచోట్ల పెట్టె దించి బాలమణి బిడ్డకు పాలిచ్చింది. మూడోచోట లేచేసరికి చీర తడిసి నెత్తురు కాళ్ళ మీదికి కారుతోంది. ఆ పిల్ల ఏడవలేదు. సాయవ్వ వైపు ఒకసారి చూసి మళ్ళీ పెట్టె ఎత్తుకుంది. ఆ చూపుకంటే నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేదని సాయవ్వ తర్వాత ఎన్నోసార్లు అనుకుంది.

బాలమణి బతికింది. నడుం మళ్ళీ తిన్నగా నిలబడలేదు, మళ్ళీ కడుపు పండలేదు. దుబ్బయ్య ఇంకో కర్ర చెక్కి నిలబెడితే జవాను దాన్ని మోకాలికేసి విరిచాడు. "ఎవడు మొయ్యాల్నో చెప్పెటందుకు మీరెవ్వలు?" అన్నాడు. కొత్త పటేలు విని నవ్వాడు. ఇక మళ్ళీ కంటబడ్డవాళ్ళ నెత్తికే మోత. నీవల్లే అని వాడలో ఎవరూ సాయవ్వను అనలేదు. అనడానికి వాళ్ళకు మొహం లేదు. బాలమణి మాత్రం ఆమెతో మాట్లాడటం మానేసింది.

సాయవ్వ నోటి దురుసు పోయింది. ఒక పని మాత్రం పట్టుకుంది. బాట మీద చెప్పుల చప్పుడు వినబడితే చాలు, చేతిలో ఏది ఉంటే అది వదిలేసి, మోత కింద పెట్టుకునే గుడ్డ చుట్ట నెత్తిన పెట్టుకుని, అందరికంటే ముందు బయటికొచ్చేది. జవాను కన్ను తన మీదే పడాలని వీపు నిటారుగా చేసి, ఉన్న బలమంతా చూపించి నిలబడేది. అట్లా కన్ను పడిన రోజు మోత మోసి వచ్చి కడుపునిండా తినేది.

నలభై ఎనిమిదిలో నిజాం రాజ్యం పోయింది. వెట్టి ఆగింది. మరుసటేడు ఒకరోజు పొద్దున, బడికొచ్చే పిల్లల పేర్లు రాసుకోవడానికి ఒక పంతులు బూట్లు టకటకలాడించుకుంటూ వాడలోకి వచ్చాడు. సాయవ్వ ఉరికొచ్చి, గుడ్డ చుట్ట నెత్తిన పెట్టుకుని, బాలమణి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నడువుండ్రి బాంచెన్. మోత యాడ?"

పంతులు తెల్లబోయాడు. ఆ వెనక నుంచి బాలమణి వంగి నడుస్తూ వచ్చింది. అయిదేళ్ళకు నోరు విప్పింది.

"దించు పెద్దవ్వా. ఇగ మోతల్లేవు."

తీయబోయిన బాలమణి చేతిని సాయవ్వ నెట్టేసింది. ఆ గుడ్డ చుట్టను రెండు చేతులతో నెత్తికి అదిమి పట్టుకుంది.

"నువ్వు లోపలికి పో బిడ్డా. నిన్ను సూస్తడు."