గౌరి సైకిలుకు ఆముదం

ఆస్పరి దగ్గర గాలి ఎప్పుడూ ఎదురుగానే ఉంటుంది. గుట్టల మీద గాలిమరలు తిరుగుతుంటాయి. వాటి కిందుగా ఆదోని రోడ్డు. గౌరి సైకిలు నేర్చింది ఆ రోడ్డు మీదే.

పదో తరగతి రోజుల్లో ఆదోని పోయే పత్తి ట్రాక్టర్ల వెనక తొక్కేది. పత్తి లోడు ఇల్లంత ఎత్తు. దాని వెనక గాలి తగలదు. డ్రైవర్లు తిరిగి చూసి అరిచేవారు.

"మ్మే, యాడికి పోతాండావు? బడికా, మిల్లుకా?"

"బడికేన్నా. బిరీన తోలు, బెల్లు కొడతారు."

జుట్టులో పత్తి పింజలతో బడికి చేరేది. ఆటల మాస్టారు చంద్రశేఖర్ ఆ పింజల సంగతి అడిగి తెలుసుకున్నాడు. ఎవరో వాడి వదిలేసిన రేసు సైకిలు ఒకటి సంపాదించి ఆమెకు ఇచ్చాడు.

తర్వాత జిల్లా పోటీలు, రాష్ట్ర పోటీలు. ఎవరి చక్రం వెనకైనా ఒదిగిపోయేది. చివరిదాకా అక్కడే ఉండిపోయేది. మూడో స్థానం, నాలుగో స్థానం.

"ముందుకు పోయేది ఎప్పుడమ్మా?" అనేవాడు మాస్టారు.

"ముందర గాలి ఉండాది కద సార్."

ఒక ఏడు దసరా వెళ్లిన వారానికి ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి ఆడపిల్లల రేసు పెట్టారు. బెంగళూరు నుంచి ఒక సైకిలు జట్టు మేనేజరు వచ్చింది. గెలిచిన అమ్మాయికి ఆ జట్టులో ఉద్యోగం. గెలవకపోతే గౌరి మరుసటి వారం నుంచి పత్తి జిన్నింగు మిల్లు పనికి పోవాలి. ఇంట్లో ఆ మాట అయిపోయింది.

ఆమె తండ్రి ఉచ్చీరప్ప. ఒక ఎద్దుల బండి, వానను నమ్ముకున్న చేను. ఆయుధపూజ నాడు బాడుగకు బండి తోలుకొని దేవనకొండ పోయాడు. కూతురి సైకిలుకు పూజ జరగలేదు. అది ఆయన మనసులో ఉండిపోయింది. రేసు రోజు పొద్దున ఎమ్మిగనూరు వచ్చి, గౌరి నంబరు తెచ్చుకోవడానికి టెంటులోకి పోయి వచ్చేలోపు ఆ పూజ ముగించాడు. పసుపు, కుంకుమ, చక్రం కింద నిమ్మకాయ.

"ఏంది నాయనా, పెండ్లికూతుర్ని చేసినావు దీన్ని!"

"నిమ్మకాయ మీదనే పోవల్ల తల్లీ. తొక్కు."

రిమ్ములు మెరుస్తుంటే తుడిచాడనుకుంది. నిమ్మకాయ చితికింది. రేసు మొదలైంది.

ఆయన తుడవలేదు. బండి ఇరుసుకు పూసే ఆముదం సీసాలో తెచ్చి, రెండు రిమ్ములకూ చుట్టూ పట్టించాడు. రిమ్ములను పట్టి ఆపే బ్రేకు రబ్బర్లకు కూడా.

ఊరు దాటాక గొర్రెల మంద రోడ్డెక్కింది. అందరూ బ్రేకులు వేశారు. గౌరి కూడా వేసింది. సైకిలు ఆగలేదు. ఇద్దరి మధ్య సందులోంచి, మంద అంచున మట్టిలోంచి దూసుకుపోయి అందరికన్నా ముందు తేలింది.

వెనక్కి తగ్గి గుంపులో కలిస్తే ఎవరినో గుద్దుతుంది. గుద్దడానికి ఎవరూ లేని చోటు ఒక్కటే, ముందు. తొక్కింది.

మాస్టారు మోటారు సైకిలు మీద పక్కకు వచ్చాడు. "ఏం పుట్టింది నీకు? ఇప్పుడే ఇంత వేగమా?"

"బ్రేకులు పడతా లేవు సార్!"

"అయితే మెల్లగా ఆపి దిగు!"

"దిగితే మిల్లే సార్!"

మాస్టారు వేగం పెంచాడు. ముందుకు పోయి, హారను కొడుతూ కుక్కల్నీ బండ్లనీ తప్పించడం మొదలుపెట్టాడు.

గాలి మొహాన కొట్టింది. కాళ్లు మండాయి. అయినా గౌరికి నవ్వొచ్చింది. ఇన్నేళ్లూ ఆమె లోడును చూసింది. రోడ్డును ఇప్పుడే చూస్తున్నది. ఎంత రోడ్డు!

ఆదోనిలో గెలుపు గీత దాటేసరికి వెనక ఎవరూ కనిపించలేదు. ఎదురుగా స్టేజీ, జనం. పక్కన మార్కెట్ యార్డు గేటు తెరిచి ఉంది. హ్యాండిలు అటు తిప్పింది. లోపల వ్యాపారి ఇంద్రసేనయ్య పత్తి కుప్ప. గౌరి అందులో మాయమైంది.

"ఎవరప్పా అది, నా పత్తిలోకి?"

తెల్లటి కుప్పలోంచి తల ఒకటి వచ్చింది. "గెలిచినాను పెద్దయ్యా."

"గెలిస్తే గెలిచినావు. సైకిలేదీ?"

హమాలీలు పత్తి తవ్వి సైకిలు బయటికి తీశారు. ఇంద్రసేనయ్య నూనె అంటిన పత్తి గుప్పెడు ఏరి ఆమె చేతిలో పెట్టాడు. "వత్తులు చేసుకోపో. నూనె కూడా నువ్వే పోసినావు."

జట్టు మేనేజరు రిమ్ము మీద వేలు పెట్టి వాసన చూసింది. "ఇదేమిటి?"

అప్పుడే బస్సు దిగి పరుగున వచ్చిన ఉచ్చీరప్ప రొప్పుతూనే చెప్పాడు. "ఆముదమమ్మా. నేనే పూసినాను. ఎట్ల పోయిందో చూసినావా?"

చంద్రశేఖర్ మాస్టారు బ్రేకుల సంగతి చెప్పబోయాడు. గౌరి ఆయన వైపు చూసింది. ఆయన నోరు మూశాడు.

"అవును మేడమ్. నాయన పూసినందుకే గెలిచినాను," అంది గౌరి.

మేనేజరు బ్రేకు నొక్కి చూసింది. చక్రం తిరుగుతూనే ఉంది. తండ్రి వైపు, కూతురి వైపు చూసి గట్టిగా నవ్వింది. సోమవారం రమ్మంది.

ఇప్పుడు ఆ జట్టులో గౌరి పని ముందుండి గాలిని కోయడం. వెనక దాక్కున్న అమ్మాయి చివర్లో బయటికొచ్చి గెలుస్తుంది. ఇంటికొచ్చిన ప్రతిసారీ ఉచ్చీరప్ప ఒక సీసా ఆముదం ఇచ్చి పంపుతాడు. గౌరి అది తలకు రాసుకుంటుంది. రేసు అయిన సాయంత్రం ఆయన ఫోను చేస్తాడు.

"పూసినావా?"

"పూసినాను నాయనా."

"గెలిచినావా?"

"లేదు. మా జట్టు పాపను గెలిపించినాను."

"సరే అట్లయితే. ఈసారి ఆ పాప సైకిలుకు కూడా రవ్వంత పూయి."