అక్క నంబరు

మా బావది మొదటినుంచీ ముక్తసరి మాట. మా అక్క పోయాక ఆ కాస్తా కరువైంది. ఇద్దరూ ఇంటర్నెట్ కంపెనీలో ఒకే గదిలో పనిచేసేవారు. అక్కడే కేబుళ్లు లాగే పని నాది.

ఊళ్లోని నెట్‌వర్కులన్నీ ఒక భవనంలో కలుస్తాయి. చుట్టు తిరగకుండా అక్కడే సమాచారం ఇచ్చిపుచ్చుకుంటాయి. మా తరఫున అక్కడ ఉండేది ఒక రూటరు. ఏ చిరునామాకు ఏ దారో దానికి గుర్తుండాలి. దాన్ని పెట్టింది అక్కే. ఇప్పుడు దాని మెమరీ అంచుదాకా నిండింది. కొత్తది ఎంచాల్సింది బావ.

రెండు రూటర్ల వివరాలు నాలుగు నెలలుగా బావ బల్లమీదే పడి ఉన్నాయి. ఒకదానికి కేబుళ్లు గుచ్చే పోర్టులు ఎక్కువ, రెండోదానికి మెమరీ ఎక్కువ. మాకేది కావాలో నాలాంటివాడు కూడా చెప్పగలడు. బావ మాత్రం రోజూ పొద్దున్నే పాతదాంట్లోంచి కొన్ని దారులు తీసేసి పూట గడిపేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

"పీకలమీదికి వచ్చాక చూస్తావా బావా?"

"చూద్దాంలే."

మంగళవారం మధ్యాహ్నం పాత రూటరు చేతులెత్తేసింది. వెంటనే బావ చొక్కా జేబులో ఫోను మోగింది. అది అక్క ఫోను. అత్యవసరమైతే చెయ్యమని ఆ భవనంలో అందరికీ అక్క ఇచ్చిన నంబరు అదే. బావ దాన్ని మార్పించలేదు. రోజూ చార్జింగు పెట్టి జేబులో వేసుకు తిరుగుతున్నాడని నాకప్పుడే తెలిసింది.

"మేడమ్ గారూ, మీ లింకు పడిపోయిందండీ," అన్నాడు పక్క నెట్‌వర్కు ఇంజనీరు.

"ఆవిడ లేరండీ. పోయి నాలుగు నెలలైంది. నేను ఆవిడ భర్తని. చెప్పండి."

ఏదో పోర్టు నంబరు చెప్పినట్టే చెప్పాడు బావ. కళ్లలో తడి లేదు.

ఆ సాయంత్రమే మెమరీ ఎక్కువున్న రూటరు కొనడానికి సంతకం పెట్టాడు. అది వచ్చాక, అత్యవసరమైతే ఇకనుంచి బావ నంబరుకే చెయ్యమని అందరికీ నాచేతే ఉత్తరం రాయించాడు. అయినా అక్క ఫోను జేబులోంచి తియ్యలేదు. దానికిక చేసేవాళ్లు లేరు.

రెండు రోజులు చూశాను. మూడోరోజు మధ్యాహ్నం పై అంతస్తు నుంచి ఆ నంబరుకు నేనే చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు.

"చెప్పు."

"ఏం లేదు బావా. లింకు బాగానే ఉంది."



"రేపు కూడా చెప్పు," అన్నాడు.