అప్ప చెప్పుకోవలసిన రెండు నిమిషాలు

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. హిందీ బడుల్లో చదివే మన లాల్‌ఖదాన్ బస్తీ పిల్లలకి తెలుగు చదవడం రాదు. చదవగలిగిన పెద్దలకి సంగతి తెలుసు: మా పక్కింటి అప్ప పోయి నెల దాటింది. కానీ వాళ్ళకీ తెలియని ముక్క ఒకటి నా దగ్గర ఉండిపోయింది.

అప్ప అని పిలిచినా నాకు తోడబుట్టిన అక్క కాదు. రైల్వే లోకో షెడ్‌లో నాతో డ్యూటీ చేసిన పెద్దాయన భార్య. ఆయన పోయి చాలా కాలమైంది. మా రెండిళ్ళకీ ఒకటే గోడ. సాయంత్రం గరిటెతో రెండుసార్లు గోడ మీద కొట్టిందంటే టీ అయిందన్నమాట.

కుడిచేయి తిమ్మిరెక్కుతోందని అప్ప ఆసుపత్రికి వెళితే, నరాల డాక్టరు చూడడానికి నాలుగు నెలల తర్వాతి తారీఖు వేసి చీటీ ఇచ్చారు. ఆయన రెండు నిమిషాలకి మించి వినడని లైన్లో ఎవరో భయపెట్టారు. అప్పకి హిందీ వచ్చు, కానీ అది కూరగాయల బేరానికి సరిపడే హిందీ.

"నా రోగానికి తెలుగొక్కటే వచ్చురా తమ్ముడూ," అనేది.

అందుకని రోజూ టీ తాగుతూ నేను డాక్టరునయ్యాను. నా హిందీ మాత్రం బడిలో నేర్చినదా? స్టేషన్ బోర్డులూ, పకోడీ పొట్లాల కాగితాలూ చదివి కూడబెట్టినది. ఆ కాగితాల్లో సగంలో తెగిపోయిన కథలు ఎలా ముగిశాయో నాకు ఇప్పటికీ తెలియదు. సరే, తిమ్మిరిని హిందీలో ఝుంఝునీ అంటారని చెప్పాను.

"అచ్ఛా! చంటిపిల్లల గిలక్కాయలాగుందేటిరా!" అని పొలమారేదాకా నవ్వింది.

డాక్టరుకి చెప్పాల్సినదంతా నాకు హిందీలో ఒప్పజెబుతుంటే, నేను వాచీ చూస్తూ వినేవాణ్ణి. మొదట్లో ఆరు నిమిషాలు పట్టేది. మధ్యలో పలాస పుట్టిల్లూ, వాళ్ళాయన షెడ్ నుంచి తెచ్చే మసిబట్టలూ వచ్చేవి. ఒక్కొక్కటే తీయించేశాను. మూడో నెలకి సరిగ్గా రెండు నిమిషాల్లో ఒప్పజెప్పింది.

ఒకరోజు చివర్లో కొత్తది చేర్చింది. "పొద్దున్న కాసేపు నోట మాట రానేదురా. మళ్ళీ వచ్చేసిందిలే."

"కొత్తవి కలపకప్పా, టైమైపోయింది," అన్నాను, డాక్టరు గొంతుతోనే.

"సరే డాక్టరుగారూ, అసలాయనకే చెప్పుకుంతాన్లెండి," అని గ్లాసులు తీసింది.

నాలుగో రోజు గోడ మోగలేదు.

కాసేపు నోట మాట రాకపోవడం పక్షవాతానికి హెచ్చరికట; వినగానే ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందని నాకు తర్వాత చెప్పారు. నాకు తీరిక తప్ప ఏమీ మిగలని వయసులో, రోజూ ఎదురుచూసే సాయంత్రం ఇచ్చిన మనిషి. నేను ఆమెకి వాచీ చూపించాను.

తారీఖు నాడు చీటీ తిరిగి ఇచ్చేద్దామని ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరు సెలవులో ఉన్నారట. కిటికీ దగ్గర అందరికీ కొత్త తారీఖులు వేస్తున్నారు. నేనూ లైన్లో నిలబడ్డాను. నా వంతు వచ్చాక, నేను నోరు తెరిచేలోగా చీటీ తీసుకుని, అప్ప పేరు పక్కన మరో మూడు నెలల తర్వాతి తారీఖు వేసి చేతిలో పెట్టారు. వెనకవాళ్ళు తోస్తే పక్కకి జరిగాను.